పనిచేసే చోట పాఠం ఎవరు రాస్తారు?

గుంటూరు నుంచి తెనాలి వెళ్లే రైలు మార్గంలో సంగం జాగర్లమూడి ఓ చిన్న స్టేషన్. పక్కనే ఉన్న వడ్లమూడిలోని పాల కర్మాగారం పుణ్యమా అని 'సంగం' అన్న మాట ఊరి పేరుగా కంటే పాల ప్యాకెట్ మీది పేరుగానే ఎక్కువమందికి తెలుసు. గుంటూరు జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార యూనియన్‌గా 1977లో మొదలైన ఆ సంస్థ తర్వాత 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల (మ్యాక్స్) చట్టం కిందికి మారింది. 2013లో ప్రొడ్యూసర్ కంపెనీ అయింది. చట్టం రెండుసార్లు మారినా పని మాత్రం ఒక్కటే: తెల్లారకముందు, పొద్దుగూకేవేళ ఊరూరా పాలు పోగుచేసి, పాడవకుండా పట్నం చేర్చడం.

ఇలాంటి డెయిరీ దేనికైనా అసలు పనివాళ్లలో చాలామంది జీతపు రిజిస్టరులో ఉండరు. గేదెను పితికే ఇల్లాలు, కేంద్రంలో శాంపిల్ తీసే టెస్టరు, కమీషన్ మీద కేంద్రం నడిపే మనిషి, క్యాన్లు ఎక్కించే వ్యాన్ డ్రైవరు. వీళ్లలో శిక్షణ తరగతికి వెళ్లినవారు కొద్దిమందే. అయినా అందరూ ఏదో ఒకటి గట్టిగా నేర్చుకునే ఉన్నారు. ఏం నేర్చుకున్నారు, ఎవరు నేర్పారు, ఆ నేర్పు సంస్థకు మేలు చేసిందా కీడు చేసిందా? పాఠ్యప్రణాళిక సిద్ధాంతం అనే విద్యాశాస్త్ర విభాగాన్ని బడి గోడలు దాటించి పనిచోటుకు తెస్తే ముందుగా అడగాల్సినవి ఈ ప్రశ్నలే. గత వందేళ్లుగా ఈ ప్రయత్నం ఎన్నో రూపాల్లో జరిగింది. తెలుగు నేల మీద జరిగినవాటికి ఇందులో ఉన్నది చిన్న చోటేమీ కాదు.

ముందు పాల కేంద్రంలోకే వెళదాం. అక్కడ రోజుకు రెండుపూటలా పరీక్ష ఉంటుంది. పాత గెర్బర్ పద్ధతిలో గాజు గొట్టంలో 10 మి.లీ. గంధకామ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాల్ పోసి యంత్రంలో గిర్రున తిప్పితే వెన్న పైకి తేలి ఓ గీత దగ్గర నిలుస్తుంది. ఆ గీతను బట్టే డబ్బు. ఇప్పుడు చాలాచోట్ల ఎలక్ట్రానిక్ ఎనలైజర్ అరనిమిషంలో ఫ్యాట్, ఎస్ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) రెండూ చెప్పి చీటీ ముద్రిస్తోంది. పాడి కుటుంబానికి ఆ చీటీయే సిలబస్. మొదటి ధారల్లో వెన్న తక్కువ, చివరి ధారల్లో ఎక్కువ అని ఏ పశువైద్యుడూ బోర్డు మీద రాయకముందే చాలా ఇళ్లలో తెలుసు. పత్తి చెక్క పెడితే ఫ్యాట్ ఎలా ఉంటుంది, ఉత్త వరిగడ్డి మీద ఉంచితే ఎంత పడిపోతుంది అన్నది చీటీలు చూసి చూసి నేర్చిన విద్య.

పరీక్ష మారితే పాఠమూ మారిపోతుంది. ఒక్క లాక్టోమీటరే ప్రమాణంగా ఉన్న కాలంలో జనం నేర్చుకున్న పాఠం ఘనమైనది. నీళ్లు కలిపితే రీడింగు పడిపోతుంది, వెన్న తీస్తే పెరుగుతుంది. రెండూ కొలతగా చేస్తే రీడింగు నిక్షేపంగా ఉంటుంది, వెన్న ఇంట్లో ఉంటుంది. భౌతికశాస్త్రంలో సాంద్రత పాఠాన్ని ఇంత బాగా ఆచరణలో పెట్టిన బడి మరొకటి ఉందనుకోను. వెన్నకూ ఎస్ఎన్‌ఎఫ్‌కూ విడివిడిగా వెల కట్టే పద్ధతి వచ్చాకే ఈ విద్య గిట్టుబాటు కాకుండా పోయింది. నీతిబోధల వల్ల పోలేదు.

ఇక శుభ్రత సంగతి. పొదుగు కడగాలి, మొదటి ధారలు వదిలెయ్యాలి, స్టీలు పాత్రే వాడాలి అని పోస్టర్లు, సదస్సులు ఏళ్ల తరబడి నడిచాయి. పాలలో సూక్ష్మక్రిములు ఎంత ఉన్నాయో చెప్పే మిథిలీన్ బ్లూ పరీక్ష మాత్రం మామూలుగా శీతల కేంద్రంలోనో ప్లాంటు దగ్గరో, అందరి పాలూ ఒకే క్యాన్‌లో కలిసిపోయాక జరుగుతుంది. నీలిరంగు గంటల తరబడి నిలిస్తే మంచి పాలు, అరగంటలో వెలిసిపోతే చెడ్డ పాలు. ఆ ఫలితం ఎవరి గేదెకూ చెందదు. శుభ్రంగా పితికినావిడకూ పితకనావిడకూ ఒకటే రేటు. సదస్సులో చెప్పిన పాఠాన్ని కేంద్రం దగ్గరి లెక్క రోజుకు రెండుసార్లు చెరిపేస్తోందన్నమాట. అది తెలియకుండా ఎన్ని సదస్సులు పెట్టినా ఖర్చు రాసుకోవడానికే.

ఎవరూ బోధించకుండానే కేంద్రం లెక్క నేర్పే ఈ రెండో రకం పాఠానికి విద్యాశాస్త్రంలో పాత పేరే ఉంది. ఫిలిప్ జాక్సన్ 1968లో అమెరికన్ ప్రాథమిక తరగతులను దగ్గరగా గమనించి, పిల్లలు లెక్కలూ చదువూ కంటే ఎక్కువగా వేచి ఉండటం, గుంపులో ఒదగడం, పెద్దల మెప్పు పొందడం నేర్చుకుంటున్నారని రాశాడు. దాన్నే దాగిన పాఠ్యప్రణాళిక అన్నారు. పదేళ్ల తర్వాత ఇలియట్ ఐస్నర్ ఇంకో అడుగు వేశాడు: బడి ఏది నేర్పకుండా వదిలేస్తుందో అదీ పాఠమేనన్నాడు. ఆఫీసుల్లో ఇది మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. కొత్తగా చేరిన గుమాస్తాకు పదిరోజుల ఓరియెంటేషన్‌లో నియమావళి చెబుతారు. ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఎందుకు ఆగుతుందో పక్క సీటాయన మొదటివారంలోనే చెప్పేస్తాడు. అతను రిటైరయ్యేదాకా గుర్తుంచుకునేది రెండోదే.

తమాషా ఏమిటంటే, పాఠ్యప్రణాళిక సిద్ధాంతం అసలు పుట్టింది బడిలో కాదు. ఫ్రెడరిక్ టేలర్ 1911లో కార్ఖానా పనిని ముక్కలుగా విడదీసి, గడియారం పట్టుకుని కొలిచే 'శాస్త్రీయ నిర్వహణ'ను ప్రచారంలోకి తెచ్చాడు. రెండేళ్లకే ఫ్రాంక్లిన్ బాబిట్ ఆ పద్ధతిని బడులకు అంటగట్టాడు. రైల్వే కంపెనీలు ఉక్కు పట్టాలకు కొలతలు ఇచ్చినట్టే సమాజం చదువుకూ కొలతలు ఇవ్వాలన్నాడు. 1918లో వచ్చిన ఆయన పుస్తకాన్నే ఈ శాస్త్రంలో మొదటి గ్రంథంగా చెబుతారు. ఆయన సమకాలికుడు చార్టర్స్ దుకాణాల్లో అమ్మకాలు చేసేవాళ్ల పనిని విశ్లేషించి వాళ్లకు పాఠాలు తయారుచేశాడు. అలాంటి విశ్లేషణే బడిపిల్లల సిలబస్‌లోకీ ఎక్కింది. కాబట్టి ఇవాళ మేనేజ్‌మెంట్ సంస్థలు ఈ సిద్ధాంతాన్ని కొత్త సరుకులా పనిచోటుకు తెస్తున్నామంటే, అత్తారింట్లో నాలుగు తరాలు కాపురం చేసి పుట్టింటికొచ్చిన ఆడపడుచును చుట్టమని పరిచయం చేసినట్టుంటుంది.

ఆ కాపురంలో నేర్చిన సంగతులు మాత్రం విలువైనవే. రాల్ఫ్ టైలర్ 1949లో నాలుగు ప్రశ్నలుగా దాన్ని కుదించాడు: ఉద్దేశం ఏమిటి, దానికి ఏ అనుభవాలు కావాలి, వాటిని ఏ వరుసలో పెట్టాలి, నెరవేరిందని ఎలా తెలుస్తుంది. ఇవాళ్టికీ మన శిక్షణ సంస్థల ప్రణాళిక పత్రాలన్నీ ఈ నాలుగు గడులే. హిల్డా టాబా 1962లో దాన్ని తలకిందులు చేసి, తరగతిలో ఉన్నవాళ్లే కింది నుంచి కట్టుకుంటూ రావాలంది. 1975లో లారెన్స్ స్టెన్‌హౌస్ ఇంకా ముందుకెళ్లి, పాఠ్యప్రణాళిక అంటే ఆచరణలో పరీక్షించాల్సిన ఊహ మాత్రమేనని, పరీక్షించాల్సినవాడు ఉపాధ్యాయుడేనని అన్నాడు. నా మట్టుకు పనిచోటుకు టైలర్ కంటే స్టెన్‌హౌసే ఎక్కువ అవసరం. కంపెనీలు మాత్రం టైలర్‌ను వదలవు. గడులు నింపడం తేలిక.

పెద్దవాళ్లకు పాఠం పట్టేదెప్పుడన్న ప్రశ్న ఓ తెలుగు పట్నంలో నిజమైన పరీక్షకు నిలబడిన సందర్భం ఉంది. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్ 1961లో, ఏదైనా సాధించాలన్న తపన ఉన్న సమాజాలే ఆర్థికంగా ఎదుగుతాయని వాదిస్తూ పుస్తకం రాశాడు. ఆ తపన పుట్టుకతో రావాలా, నేర్పవచ్చా? తేల్చుకోవడానికి ఆయన, డేవిడ్ వింటర్ కలిసి 1964లో కాకినాడను ఎంచుకున్నారు. అక్కడి వ్యాపారులను, చిన్న పరిశ్రమల యజమానులను, మొత్తం 52 మందిని, విడతలుగా హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు, అంటే అప్పటి సీట్‌కు, ఇప్పటి ఎన్ఐ-ఎంఎస్ఎంఈకి పిలిపించారు. పోల్చి చూడటానికి రాజమండ్రిని పెట్టుకున్నారు. శిక్షణ పదిరోజుల పాటు. అందులో ఉపన్యాసాలకు పెద్ద చోటు లేదు. బొమ్మ చూసి కథ రాయడం, ఆ కథలో తన ఆలోచన ఎటు పోతోందో తనే చూసుకోవడం, మేకుకు రింగులు విసిరే ఆటలో ఎంత దూరం నుంచి విసరాలో తనే నిర్ణయించుకోవడం, తన వ్యాపారానికి తనే లక్ష్యం రాసుకోవడం. మరీ దగ్గర నుంచి విసిరేవాడికి సంతోషం ఉండదు, మరీ దూరం నుంచి విసిరేవాడికి గురి తగలదు. మధ్యదూరం ఎంచుకునే మనసే వ్యాపారికి కావాలన్నది ఆ ఆటలోని పాఠం.

1969లో వాళ్లు ప్రకటించిన ఫలితాల ప్రకారం శిక్షణ పొందినవాళ్లలో కొత్త వ్యాపారాలు, పెట్టుబడులు, పనిగంటలు స్పష్టంగా పెరిగాయి. పోలికకు పెట్టుకున్నవాళ్లు దాదాపు ఉన్నచోటే ఉన్నారు. మన వ్యాపారుల్లో కులాచారాలు, దైవభక్తి ఈ మార్పుకు అడ్డొస్తాయేమోనన్న అనుమానం కూడా తేలిపోయింది. పాతవాటిని పట్టుకున్నవారూ కొత్తగా ప్రవర్తించారు. తర్వాత మన దేశంలో వచ్చిన పారిశ్రామికవేత్తల శిక్షణ కార్యక్రమాలు చాలావరకు ఈ ప్రయోగాన్నే తల్లివేరుగా చెప్పుకుంటాయి. కానీ ఆ పుస్తకంలో నాకు అన్నింటికన్నా పెద్దదిగా కనిపించే ఫలితం చెప్పుకోవడానికి అంత రుచించేది కాదు. శిక్షణ ఎక్కువగా పట్టింది తన వ్యాపారంలో తానే నిర్ణయం తీసుకోగలిగినవాళ్లకి. పెత్తనం తండ్రిదో అన్నదో అయినచోట కుర్రవాడు అదే పదిరోజులు కూర్చుని, అవే ఆటలు ఆడి, ఇంటికెళ్లి మళ్లీ గల్లాపెట్టె పక్కనే కూర్చున్నాడు. మనిషి మారినా కుర్చీ మారకపోతే పాఠం నిలవదని ఈ ప్రయోగం చెప్పినట్టు నేను చదువుకుంటాను.

దీన్నే ఇంకోవైపు నుంచి చెప్పినవాళ్లున్నారు. రాబర్ట్ మేగర్, పీటర్ పైప్ 1970లో ఒక మొరటు ప్రశ్న పెట్టారు: ప్రాణం మీదికొస్తే ఆ మనిషి ఈ పని చెయ్యగలడా? చెయ్యగలిగితే అతనికి కావలసింది శిక్షణ కాదు. థామస్ గిల్బర్ట్ 1978లో, పని చెడితే ముందు సమాచారం, పనిముట్లు, ప్రతిఫలం ఈ మూడూ చూడమని, మనిషి తెలివితేటల దాకా చివర్లో రమ్మని వరుస పెట్టాడు. మన సంస్థల్లో ఆ వరుస తిరగబడి నడుస్తుంది. కంప్యూటర్ మొరాయిస్తున్నా, సర్వర్ పడిపోతున్నా ముందు ఉద్యోగులకు 'నైపుణ్యాభివృద్ధి' జరుగుతుంది. శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లలో కొలవాలని డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే చెప్పాడు: నచ్చిందా, నేర్చారా, చేతల్లోకి వచ్చిందా, సంస్థకు ఫలించిందా. మనం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాం. భోజనాల తర్వాత పంచిపెట్టే ఫీడ్‌బ్యాక్ కాగితంలో అందరూ 'చాలా బాగుంది' అని రాస్తారు. భోజనం కూడా బాగుండే ఉంటుంది.

పెద్ద సంస్థల విషయం క్లుప్తంగా. 1975లో ఉదయ్ పారీక్, టి.వి. రావు కలిసి ఎల్ అండ్ టీ కోసం మానవ వనరుల అభివృద్ధి వ్యవస్థను రూపొందించారు. శిక్షణ, పని సమీక్ష, పదోన్నతి, సలహా ఇవ్వడం ఒకదాన్నొకటి నడిపించాలన్నది అందులోని ప్రాణం. తర్వాత దేశమంతా కంపెనీలు ఆ పేరు తీసుకున్నాయి. ప్రాణాన్ని అన్నీ తీసుకున్నాయని చెప్పలేం. 2020 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించిన మిషన్ కర్మయోగి కూడా నియమాలు కాక, చెయ్యాల్సిన పాత్రను బట్టి శిక్షణ అంటుంది. మాట సరైనదే. ఆన్‌లైన్‌లో ఎన్ని కోర్సులు పూర్తిచేశారన్నదే ఉద్యోగికి లెక్క అయితే, పూర్తిచేయడమే నేర్చుకుంటారు. వీడియోను పక్కన నడవనిచ్చి ఫైలు చూసుకోవడం ఎలాగో కూడా.

పని వరుసే పాఠం వరుస కానక్కర్లేదని చూపించిన పుస్తకం 1991లో వచ్చింది. జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ రాసిన ఆ పుస్తకంలో లేవ్ దగ్గరుండి చూసిన లైబీరియా దర్జీల కథ ఉంది. అక్కడి శిష్యుడు ముందు గుండీలు కుట్టడం, అంచులు మడవడం నేర్చి, తర్వాత కుట్టు మీదికి, చివరికి కత్తిరింపు మీదికి వస్తాడు. బట్ట తయారయ్యే క్రమానికి ఇది సరిగ్గా వెనకటి దారి. తెనాలిలోనైనా రేపల్లెలోనైనా దర్జీ కొట్లో కాజాలు తీసే కుర్రాడి బతుకూ ఇదే. గుండీ తప్పు కుడితే విప్పి మళ్లీ కుట్టవచ్చు, కత్తెర తప్పితే గుడ్డ పోతుంది. తప్పు ఖర్చును బట్టి పాఠాల వరుస పెట్టిన ఆ దర్జీ ఏ టైలరునూ చదవలేదు. అదే పుస్తకంలో సూపర్ బజారు మాంసం కొట్ల కథ కూడా ఉంది. శిష్యులను ప్యాకింగ్ యంత్రం దగ్గర, అసలు కోసేవాళ్లు కనబడని గదిలో పెట్టారు. వాళ్లు ప్యాకింగే నేర్చుకున్నారు. ట్రైనీని ఎక్కడ కూర్చోబెట్టారన్నది ఏ సిలబస్ కంటే గట్టి పాఠం.

ఈ చూపుతో చూస్తే మన దగ్గర జరిగినవాటిలో మేలైనది పొలంబడి. ఇండోనేషియాలో పురుగుమందులు సాలీళ్ల వంటి మిత్రపురుగులను చంపి దోమపోటును పెంచాయని తేలాక, 1986లో అక్కడి ప్రభుత్వం 57 మందులను నిషేధించింది. 1989 నుంచి రైతుల క్షేత్ర పాఠశాలలు మొదలయ్యాయి. వాటి తెలుగు రూపమే పొలంబడి. పాతిక ముప్పైమంది రైతులు పంటకాలమంతా వారానికోసారి గట్టు మీద కూడతారు. చేలో దిగి చూసి, చార్టు మీద నడుమ వరి దుబ్బు, ఒకవైపు శత్రుపురుగులు, ఇంకోవైపు మిత్రపురుగులు గీస్తారు. మందు కొట్టాలా వద్దా అన్నది ఆ బొమ్మ చూసి తేల్చుకుంటారు. అధికారి చెప్పడు, అడుగుతాడు. ముందూ వెనకా జరిగే పరీక్షలో కూడా ప్రశ్నపత్రం ఉండదు. పొలంలో పెట్టిన డబ్బాలో రైతు తన జవాబు చీటీ వేస్తాడు. స్టెన్‌హౌస్ కోరినది ఇదే.

అలాగని దీన్ని ఆకాశానికి ఎత్తనక్కర్లేదు. ఫెడర్, ముర్గై, క్విజోన్ 2004లో ఇండోనేషియా లెక్కలు తీసి, దిగుబడి మీదా మందుల వాడకం మీదా చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని, నేర్చుకున్నవాళ్ల నుంచి పక్క రైతులకు పెద్దగా పాకలేదని రాశారు. బడుల సంఖ్యే లక్ష్యంగా మారినచోట ఏమవుతుందో మనకూ తెలుసు. చార్టు అధికారే గీస్తాడు, రైతులు సంతకం పెడతారు. పైగా పక్కవాడు నేర్చుకునేది చూసి. చార్టు గీసిన అనుభవం మాటల్లో పక్క పొలానికి పోదు.

పొలంబడి వరుసలోనే ఇంకా సాహసమైన ప్రయోగం 2003లో మొదలైన ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల పథకం. అనంతపురం, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ వంటి ఏడు కరువు జిల్లాల్లో రైతులే వాన కొలిచారు, బోర్ల నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు కూర్చుని ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఇన్ని ఎకరాలే వెయ్యాలని ఎవరూ ఆంక్ష పెట్టలేదు. లెక్క చేతికొచ్చాక ఎవరి పంట వాళ్లే మార్చుకున్నారు. ఇక్కడ కొలిచేవాడు, నేర్చేవాడు, నిర్ణయించేవాడు ఒక్కడే. కాకినాడలో కుర్రవాడికి కొరవడింది ఇదే.

మహిళా సంఘాల్లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) పెంచిన సీఆర్‌పీ, అంటే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్ పద్ధతిలోనూ ఇలాంటి జాడ ఉంది. అప్పు తీసుకుని, తీర్చి, నిలదొక్కుకున్న సంఘ సభ్యురాలు కొత్త ఊళ్లో పదిహేను రోజులు మకాం వేస్తుంది. ఆమె బతుకే పాఠ్యపుస్తకం. తెలుగు మహిళలు ఆ పాఠాన్ని బిహార్ జీవిక పథకం దాకా మోసుకెళ్లారు, భాష రాకుండానే. 

సంస్థ తనంతట తాను నేర్చుకోవడమంటే ఏమిటి? క్రిస్ ఆర్గిరిస్, డొనాల్డ్ షోన్ 1978లో రెండు రకాలు చెప్పారు. తప్పును దిద్దుకోవడం ఒకటి, ఆ తప్పు పుట్టిన నియమాన్నే ప్రశ్నించడం రెండోది. సాయంత్రం పాలు పులుస్తున్నాయంటే వ్యాన్‌ను తొందరపెట్టడం మొదటిది. పాలు చల్లబడటానికి ప్లాంటు దాకా ఎందుకు పోవాలని అడగడం రెండోది. పల్లెల్లోనే పాలను 4 డిగ్రీలకు దించే బల్క్ కూలర్లు ఆ రెండో ప్రశ్నకు వచ్చిన జవాబు.

రెండో ప్రశ్న అడగడం ఎవరికి నేర్పుతున్నాం అన్నదే ఐస్నర్ చెప్పిన వదిలేసిన పాఠం. ప్రొడ్యూసర్ కంపెనీలకు 2002 చట్ట సవరణ దారి వేసింది. దాని ప్రకారం పాలు పోసే రైతు వాటాదారు. మేత, ఎద, చూడి పరీక్ష, పొదుగువాపు మీద ఆయనకు శిక్షణ దొరుకుతుంది. ప్రభుత్వం పశువిజ్ఞాన బడులు కూడా నడిపింది. ఆస్తి అప్పుల పట్టీ ఎలా చదవాలో, బోనస్ ఏ లెక్కన తేలిందో, డైరెక్టరును ఏమని నిలదీయాలో చెప్పే తరగతి ఎక్కడైనా అరుదు. పితికేది ఆమె, పాస్‌బుక్ ఆయన పేరు మీద అయితే ఆ అరుదైన తరగతికి కూడా వెళ్లేది ఆయనే. ఇది ఏ ఒక్క డెయిరీ లోపమూ కాదు, రంగమంతటా ఉన్నదే.

దీనికి ఎదురు ఉదాహరణ పూర్వపు కరీంనగర్ జిల్లాలో ఉంది. 2002లో మొదలైన ములుకనూరు మహిళా సహకార డెయిరీ 'స్వకృషి' పేరుతో పాలు అమ్ముతుంది. దాని సభ్యులు పాల వ్యాపారంలోకి రాకముందే ఏళ్ల తరబడి పొదుపు సంఘాలు నడిపినవారు. నెలనెలా డబ్బు కట్టి, అప్పులిచ్చి, వసూలు చేసి, లెక్కలు మహాజన సభలో చదివి వినిపించిన ఆడవాళ్లు. సహకార వికాస సంస్థ వాళ్లతో ఏళ్లపాటు పనిచేసింది ముందు ఆ లెక్కల మీదే. గేదెల గురించి వాళ్లకు కొత్తగా చెప్పాల్సింది పెద్దగా లేదు. డెయిరీ పెట్టేనాటికి బోర్డులో కూర్చోవలసినవాళ్లకు అప్పటికే పద్దులు చదవడం వచ్చు, సభలో లేచి అడగడమూ వచ్చు.